అమెరికా సుంకం ఆకివీడు చెరువు దాకా ఎలా వస్తుంది?

2025 ఏప్రిల్ 2న అమెరికా అధ్యక్షుడు ట్రంప్ మన దేశపు సరుకుల మీద 26 శాతం సుంకం వేస్తామని ప్రకటించారు. అప్పటికది అమల్లోకి రాలేదు. వారం తిరిగేసరికి 90 రోజులు వాయిదా కూడా వేశారు. అయినా ఆ వారంలోనే భీమవరం, ఆకివీడు, కైకలూరు, అమలాపురం వైపు చెరువు గట్ల మీద రొయ్య ధర కిలోకు పదుల రూపాయలు పడిపోయింది. సుంకం వాయిదా పడ్డాక ధర మాత్రం పడ్డంత వేగంగా లేవలేదు. ఆ తర్వాత ఆగస్టు 7 నుంచి 25 శాతం, ఆగస్టు 27 నుంచి రష్యా చమురు కొంటున్నామన్న కారణంతో ఇంకో 25 శాతం వచ్చి, మొత్తం 50 అయింది.

పన్ను వేసింది అమెరికా. చట్టం ప్రకారం కట్టాల్సింది అక్కడ సరుకు దించుకునేవాడు. మరి ఇక్కడ ఎకరం చెరువు కౌలుకు చేసుకునే రైతుకు ధర ఎందుకు తెగుతుంది? దాన్ని తట్టుకోవడానికి రైతులు, కంపెనీలు, ఊళ్లు ఏం చేస్తున్నాయి? ఏం చేద్దామన్నా రూల్స్ ఎక్కడ అడ్డం వస్తున్నాయి, ఎక్కడ కాపాడుతున్నాయి? ఒక్కో ముడీ విప్పి చూద్దాం. ఇక్కడి లెక్కలు 2025 ఆగస్టు చివరి రేట్లతో వేసినవి. రేటు ఎప్పుడైనా మారొచ్చు, లెక్క వేసే పద్ధతి మాత్రం అదే.

సుంకం ఒకటి కాదు, మూడు

వార్తల్లో అన్నిటినీ కలిపి టారిఫ్ అనేస్తున్నారు గానీ, అమెరికా రేవులో మన రొయ్య మీద పడేవి మూడు వేర్వేరు పన్నులు.

మొదటిది, 2025లో గొడవంతా జరిగిన దేశం మొత్తం మీది సుంకం. ఇది రొయ్యకు ప్రత్యేకం కాదు, బట్టలకూ నగలకూ కూడా పడింది.

రెండోది యాంటీ డంపింగ్ సుంకం. మన దగ్గర అమ్ముకోవాల్సిన ధర కంటే తక్కువకు అక్కడ కుమ్మరిస్తున్నారు అన్న ఆరోపణ మీద వేసేది. ఇది కొత్తది కాదు. అమెరికా దక్షిణ తీరంలో రొయ్యలు పట్టేవాళ్ల సంఘం 2003 డిసెంబరు చివర్లో కేసు వేస్తే, 2005 నుంచి మన రొయ్య మీద అమలవుతోంది. మొదట్లో చాలా కంపెనీలకు 10 శాతం పైన ఉండేది. ఏటా సమీక్ష చేసి మారుస్తుంటారు, ఇప్పుడు చాలా తగ్గింది.

మూడోది కౌంటర్‌వెయిలింగ్ సుంకం. మీ ప్రభుత్వం మీకు సబ్సిడీ ఇస్తోంది కాబట్టి, ఆ మేరకు మేం పన్ను వేసి సరిచేస్తాం అనేది దీని తర్కం. 2023 అక్టోబరులో అక్కడి రొయ్యల ప్రాసెసర్ల సంఘం కేసు వేసింది, 2024 అక్టోబరులో తుది నిర్ణయం వచ్చింది. మన కంపెనీల్లో ఎక్కువ వాటికి 5.77 శాతం పడింది. ఈ మూడోదాన్ని గుర్తుపెట్టుకోండి, ప్రభుత్వం ఆదుకోవాలి అన్న చర్చలో ఇది మళ్లీ వస్తుంది.

మూడూ కలిపితే 2025 ఆగస్టు చివరికి సగటున 58 శాతం చిల్లర.

ఎనిమిది డాలర్ల రొయ్య కథ

లెక్క తేలికగా ఉండడానికి, తొక్క తీసి గడ్డకట్టించిన రొయ్య కిలో 8 డాలర్లకు పంపుతున్నాం అనుకుందాం. పాత రోజుల్లో 8 శాతం చిల్లర సుంకంతో అది అమెరికా రేవు దాటేసరికి 8.66 డాలర్లు. 58 శాతం చిల్లర పడ్డాక అదే రొయ్య 12.66 డాలర్లు.

అమెరికా కొనుగోలుదారు ముందు మన రొయ్య ఒక్కటే ఉంటే ఏదో ఒక దారి చూసుకునేవాడు. కానీ పక్కనే ఈక్వడార్ ఉంది. ఆ దేశానికి అప్పుడు దేశం మొత్తం మీది సుంకం 15 శాతం, కౌంటర్‌వెయిలింగ్ కలుపుకుంటే 19 దగ్గర. అంటే అదే 8 డాలర్ల రొయ్య ఈక్వడార్ నుంచి వస్తే 9.52కే దిగుతుంది. ఇండోనేసియా, థాయిలాండ్‌లకు 19, వియత్నాంకు 20. మన రొయ్య కూడా 9.52కే దిగాలంటే ఇక్కడ నుంచి ఎంతకు పంపాలి? భాగించి చూస్తే 6 డాలర్లకు. కిలోకు 2 డాలర్లు, డాలర్ 87 రూపాయల లెక్కన 174 రూపాయలు, మధ్యలో ఎవరో ఒకరు వదులుకోవాలి.

తల, తొక్క తీస్తే కిలో మాంసం కావడానికి కిలో ముప్పావు దాకా పచ్చి రొయ్య పడుతుంది. కాబట్టి ఆ 174 రూపాయలూ రైతు మీదకే నెట్టేస్తే, చెరువు గట్టు మీద కిలోకు దాదాపు వంద రూపాయలు తెగుతుంది.

నిజానికి అంత మొత్తం రైతు మీద పడలేదు. కొంత అక్కడి సూపర్ మార్కెట్ ధరల్లోకి వెళ్లింది, కొంత దిగుమతిదారు లాభంలోంచి, కొంత మన ఎగుమతిదారు లాభంలోంచి పోయింది. ఈక్వడార్ మనల్ని పూర్తిగా తోసెయ్యలేకపోవడానికీ కారణం ఉంది. చేత్తో తొక్క తీసి, నరం తీసి, సైజుల వారీగా పేర్చి ఇవ్వడం మన బలం, అది చేసే చేతులు మన దగ్గర ఉన్నంతగా అక్కడ లేవు. ఈక్వడార్ రొయ్యలో పెద్ద భాగం తలతోనే చైనాకు పోతుంది.

ఇక్కడ వార్తల్లో అంతగా కనపడని సంగతి ఒకటుంది. కట్టేది అమెరికా దిగుమతిదారు అని అనుకుంటాం గానీ, మన ఎగుమతిదారుల్లో చాలామంది సుంకం మేమే కట్టి మీ గోడౌన్‌కు చేరుస్తాం అన్న ఒప్పందాల మీద అమ్ముతారు. కంటైనర్ ఇక్కడ ఓడ ఎక్కి అక్కడ దిగడానికి నెల పైనే పడుతుంది. ఓడ నడిసముద్రంలో ఉండగా సుంకం మారితే ఆ భారం నేరుగా ఇక్కడి కంపెనీదే. ఏప్రిల్‌లో కంపెనీలు ఒక్కసారిగా కొనుగోళ్లు బిగబట్టడానికి ఆ భయం కూడా కారణం. రైతులకు అది కుట్రలా కనిపించింది. రెండు మాటల్లోనూ నిజం ఉందని నా అభిప్రాయం. భయం నిజమే. ఆ భయం సాకుతో, పడిపోయిన ధర కంటే ఇంకా తగ్గించి కొన్నవాళ్లు ఉన్నారన్న ఫిర్యాదూ ఊరూరా వినిపించింది.

గట్టు మీద ధర ఎలా తేలుతుంది

రొయ్యకు ధర కౌంట్ మీద ఉంటుంది. కౌంట్ అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్నది. 30 కౌంట్ అంటే పెద్ద రొయ్య, 100 కౌంట్ అంటే చిన్నది. కౌంట్ తగ్గేకొద్దీ ధర పెరుగుతుంది. అమెరికాకు ఎక్కువగా తక్కువ కౌంట్ ఉన్న పెద్ద రొయ్యలు వెళ్తాయి కాబట్టి సుంకం దెబ్బ కూడా వాటి మీదే గట్టిగా పడింది.

పట్టుబడి రోజు గట్టు మీద చూస్తే ఈ వ్యాపారం ఎవరి చేతిలో ఉందో అర్థమవుతుంది. తెల్లవారకముందే వల లాగుతారు. ప్లాస్టిక్ క్రేట్లు నీళ్లు కారుతూ కాటా మీదకెక్కుతాయి. ఏజెంటు మనిషి రెండు మూడు క్రేట్లలోంచి తలా కాసిన్ని తీసి, కిలో తూచి, ఒక్కొక్కటి లెక్కపెడతాడు. మెత్తబడినవి, తొక్క వదిలినవి పక్కకు పెడతాడు. నిన్న ఫోన్‌లో 50 కౌంట్ అనుకున్నది ఇక్కడ 53గా తేలితే ధర దిగిపోతుంది. అప్పటికే రొయ్య నీళ్లలోంచి బయటికొచ్చేసింది, ఐస్ వేసేశారు, లారీ స్టార్టింగ్‌లో ఉంది. వద్దులే, రేపు అమ్ముతాను అనే మాటకు అక్కడ తావు లేదు.

ధాన్యం అయితే పురిలో పోసి నెల ఆగొచ్చు. ఎగుమతిదారు కోల్డ్ స్టోరేజీలో సరుకు పెట్టుకుని నెలలు ఆగగలడు. అమెరికా దిగుమతిదారు ఇంకో దేశం వైపు తిరగగలడు. ఆగలేనిది రైతు ఒక్కడే. పట్టుబడికి వచ్చిన చెరువులో పదహారు వందల కిలోల రొయ్య ఉందనుకుంటే, రోజుకు నలభై కిలోల దాకా మేత వెయ్యాలి. మేత కిలో వంద రూపాయల లెక్కన రోజుకు నాలుగు వేలు, నీటికి గాలి పట్టించే ఏరేటర్ల కరెంటు అదనం. పైగా రొయ్య ముదిరేకొద్దీ చెరువు అడుగు పాడవుతుంది, జబ్బు భయం రోజురోజుకూ పెరుగుతుంది. సుంకం భారం ఎవరి మీద ఎంత పడుతుందనేది చివరికి ఎవరు ఎన్ని రోజులు ఆగగలరు అన్నదాని మీదే ఆధారపడింది. అన్ని కమిటీలూ చర్చలూ దాటి నాకు తేలిన విషయం అదే.

ఎకరం చెరువు లెక్క

ఇది ఎవరి సొంత లెక్కా కాదు. గోదావరి జిల్లాల్లో మాట్లాడుకునే ఖర్చులకు దగ్గరగా, అర్థం కావడానికి వేసింది. ఊరిని బట్టి, నీటిని బట్టి మారుతుంది.

ఎకరం చెరువులో వనామి జాతి రొయ్య పిల్ల లక్ష వదిలారు. పిల్ల 40 పైసలు, అంటే 40 వేలు. నూటికి ఎనభై బతికి 50 కౌంట్‌కు వస్తే 1,600 కిలోల పంట. కిలో రొయ్యకు కిలో నాలుగొందల గ్రాముల మేత అనుకుంటే 2,240 కిలోలు, వంద లెక్కన 2 లక్షల 24 వేలు. కరెంటు, డీజిల్ 50 వేలు. ఒక పంటకు వచ్చే కౌలు వాటా 40 వేలు. మందులు, మినరల్స్, ప్రోబయోటిక్స్ 35 వేలు. కూలీ, పట్టుబడి ఖర్చు 35 వేలు. మొత్తం 4 లక్షల 24 వేలు. కిలోకు 265 రూపాయలు.

50 కౌంట్ ధర 330 ఉంటే లక్షా నాలుగు వేలు మిగులుతుంది. 280కి పడితే మిగిలేది 24 వేలు. నాలుగు నెలలు నిద్ర లేకుండా కాచుకున్నందుకు అది కూలి కూడా కాదు. 260 అయితే ఎనిమిది వేలు చేతి నుంచి పోతాయి.

అదే చెరువులో ఎనభైకి బదులు అరవై అయిదు శాతమే బతికితే? పంట 1,300 కిలోలు. మేత ఖర్చు తగ్గి 1 లక్షా 82 వేలకు వచ్చినా, మిగతా ఖర్చులు దాదాపు అలాగే ఉంటాయి. మొత్తం 3 లక్షల 82 వేలు. కిలోకు ఖర్చు 294కు ఎక్కుతుంది. ధర 280 ఉన్నా 18 వేల నష్టం.

ఈ రెండో లెక్క వల్లే, సుంకం ఒక్కటే సమస్య అన్న మాటతో నేను పూర్తిగా ఏకీభవించలేను. వైట్ స్పాట్, వైట్ గట్, ఎదుగుదల ఆపేసే ఈహెచ్‌పీ లాంటి రొయ్య జబ్బులు చాలాకాలంగా రైతు లాభాన్ని తినేస్తున్నాయి. సుంకం వచ్చేసరికే దాన్ని తట్టుకునే మిగులు చెరువులో లేదు. ఎగుమతిదారులు ఎత్తిచూపేది ఇదే, మీ కిలో ఖర్చు ఈక్వడార్ కంటే ఎక్కువ అని. రైతులు దానికి, మేత ధర మా చేతుల్లో ఉందా, పిల్ల నాణ్యత మా చేతుల్లో ఉందా అని అడుగుతారు. ఖర్చులో సగానికి పైగా మేతే అయినప్పుడు ఆ ప్రశ్నను కొట్టిపారేయలేం.

రూల్స్ ఎందుకు వచ్చాయి, ఎవరికి అందాయి

1990ల మొదట్లో టైగర్ రొయ్య హడావుడి గుర్తున్నవాళ్లు చాలామంది ఉంటారు. వరి చేలు చెరువులయ్యాయి, తీరమంతా తవ్వేశారు. 1994-95లో వైట్ స్పాట్ వచ్చి చెరువులు ఊడ్చుకుపోయాయి. ఉప్పు నీరు పక్క పొలాల్లోకి, బావుల్లోకి దిగిందన్న కేసులు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. 1996 డిసెంబరు 11న కోర్టు తీర నియంత్రణ ప్రాంతంలో రొయ్యల చెరువులు ఉండకూడదని, పెట్టినవి తొలగించాలని తీర్పు ఇచ్చింది. దాని తర్వాత వచ్చిన ఏర్పాట్లు చివరకు 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టంగా తేలాయి. సముద్రపు పోటు గీత నుంచి 200 మీటర్ల లోపల చెరువు కూడదు. ఆ గీత నుంచి రెండు కిలోమీటర్ల దాకా ఉన్న ప్రాంతంలో చెరువుకు రిజిస్ట్రేషన్ ఉండాలి. దరఖాస్తులను జిల్లా కమిటీ, చెన్నైలోని అథారిటీ చూస్తాయి.

2009లో వనామికి అనుమతి వచ్చాక లెక్కలన్నీ మారిపోయాయి. ఎకరానికి ఎక్కువ పిల్ల, ఎక్కువ పంట. తీరానికి దూరంగా లోపలి మంచినీటి మండలాల్లోకి కూడా చెరువులు పాకాయి. ఆ లోపలి చెరువులకు కేంద్ర చట్టం వర్తించదు. 2020లో రాష్ట్రం ఆక్వాకల్చర్ డెవలప్‌మెంట్ అథారిటీ చట్టం తెచ్చి వాటినీ లైసెన్సు కిందికి తెచ్చింది. మేతకు వేరే నాణ్యతా చట్టం కూడా అప్పుడే వచ్చింది. 2023లో కేంద్రం తన చట్టాన్ని సవరించి, రిజిస్ట్రేషన్ లేకపోతే జైలు అన్న నిబంధన తీసి జరిమానాలు పెట్టింది. సాగుదారులు ఊపిరి పీల్చుకున్నారు. మత్స్యకార సంఘాలు మాత్రం తీరం మీద అదుపు సడలుతోందని అభ్యంతరం చెప్పాయి.

కాగితం మీద ఇవన్నీ మంచివే. ఇబ్బంది కౌలు దగ్గర వస్తుంది. గోదావరి, కృష్ణా జిల్లాల్లో చెరువు కౌళ్లు చాలావరకు నోటిమాట మీద నడుస్తాయి. రాసిస్తే రేపు భూమి మీద హక్కు అడుగుతాడేమోనని యజమాని భయం. రాసివ్వమంటే వచ్చే ఏడు చెరువు వేరేవాడికి పోతుందేమోనని కౌలుదారు భయం. చెరువు చేసేది ఒకరు, కాగితం మీద ఉండేది ఇంకొకరు. రిజిస్ట్రేషన్ లేకపోతే బ్యాంకు అప్పు రాదు, కాబట్టి మేత షాపు దగ్గరో, ఏజెంటు దగ్గరో అరువు. అరువు ఇచ్చినవాడికే పంట అమ్మాలి. ఆగే శక్తి లేని రైతుకు, అమ్మే చోటు ఎంచుకునే స్వేచ్ఛ కూడా అక్కడితో పోతుంది.

కరెంటుదీ అదే సంగతి. రాష్ట్రంలో ఆక్వా జోన్ పరిధిలో ఉన్న చెరువుకు యూనిట్ రూపాయిన్నరకు ఇచ్చే రాయితీ వచ్చింది. జోన్ గీత బయట పడ్డ చెరువు దానికి రెట్టింపు పైన కట్టింది. గట్టు ఒకటే, నీరు ఒకటే, బిల్లు వేరు. జోన్ గీయడానికి కారణం లేకపోలేదు, లేకపోతే మిగిలిన వరి పొలాలూ చెరువులైపోతాయి. జోన్ బయట ఏళ్ల తరబడి చేస్తున్నవాడి గతేమిటన్నది కూడా అంతే న్యాయమైన ప్రశ్న. ఏరేటర్ అలంకారం కాదు. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువ ఉంటుంది. ఆ సమయంలో గంటో రెండు గంటలో ఏరేటర్లు ఆగితే నాలుగు నెలల పంట తేలిపోతుంది.

అమెరికా కాకపోతే ఇంకెక్కడికి

ఇంకో దేశానికి అమ్ముకోవచ్చుగా అని అందరూ అనే మాటే. 2024-25లో దేశం నుంచి 7 లక్షల 41 వేల టన్నుల గడ్డకట్టించిన రొయ్య ఎగుమతయితే, అందులో 3 లక్షల 11 వేల టన్నులు అమెరికాకే పోయాయి. దేశంలో పండే రొయ్యలో ముప్పాతిక వంతు దాకా ఆంధ్రప్రదేశ్‌దే. అంత సరుకును ఒక్కసారిగా వేరే దారి పట్టించడం మాటలు కాదు. అయినా కొంత జరిగింది. ఆగస్టు గడువుకు ముందే పంపగలిగినంత అమెరికాకు పంపేశారు. తర్వాత చైనా, వియత్నాం, యూరప్ వైపు ఎగుమతులు పెరిగాయి. అమెరికాకు తగ్గినా దేశపు మొత్తం సముద్ర ఉత్పత్తుల ఎగుమతి విలువ 2025లో కుప్పకూలలేదు. 2025 సెప్టెంబరులో యూరోపియన్ యూనియన్ మన దేశంలో మరో 102 యూనిట్లకు ఎగుమతి అనుమతి ఇచ్చింది. అదే ఏడాది జూలైలో సంతకాలైన బ్రిటన్ ఒప్పందంలో అక్కడ రొయ్య మీద సుంకం తీసెయ్యడం ఉంది.

యూరప్‌కు వెళ్లాలంటే మాత్రం అక్కడి గేటు వేరు. యాంటీబయాటిక్ అవశేషాలు దొరుకుతున్నాయని 2016లో ఆ దేశాలు మన పెంపకపు రొయ్య కన్‌సైన్‌మెంట్లలో 10 శాతానికి బదులు 50 శాతం పరీక్షించడం మొదలుపెట్టాయి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటివి అసలు ఉండకూడదు. అందుకే పట్టుబడికి ముందే చెరువులో శాంపిల్ తీసి, సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ ఎంపెడా ల్యాబ్‌లో పరీక్ష చేయించి సర్టిఫికెట్ తీసుకోవాలి. ఏ చెరువు, ఎవరి చెరువు అన్నది కాగితం మీద తేలాలి. చూశారుగా, మళ్లీ రిజిస్ట్రేషన్ దగ్గరికే వచ్చాం. నోటిమాట కౌలుదారు మందులు ముట్టకుండా ఎంత శుభ్రంగా పండించినా, కాగితం లేని అతని రొయ్యకు ఆ మార్కెట్ దారి ఇరుకే.

ఈ రూల్ భారమా, మేలా? చిన్న రైతుకు ఖర్చు, తిరుగుడు. మొత్తం ప్రాంతానికి మాత్రం, ఒక్కడు రాత్రికి రాత్రి కలిపిన మందు వల్ల పదిమంది కంటైనర్లు వెనక్కి రాకుండా అడ్డుకునే కట్ట. నా మొగ్గు రెండోదాని వైపే, కాకపోతే ల్యాబ్ చెరువుకు దగ్గరగా ఉండాలి, కౌలుదారు పేరు మీద సర్టిఫికెట్ రావాలి.

రైతులు తమ చేతిలో ఉన్నంతలో చేస్తున్న మార్పులు ఇంకోరకం. ఎకరానికి లక్ష వదిలేచోట అరవై డెబ్భై వేలకు తగ్గిస్తున్నారు. మేత అప్పు తగ్గుతుంది, జబ్బు ఒత్తిడి తగ్గుతుంది. కొందరు మళ్లీ టైగర్ వైపు చూస్తున్నారు, దాని కొనుగోలుదారులు వేరు కాబట్టి. కైకలూరు, ముదినేపల్లి వైపు రొయ్య వదిలి శీలావతి, బొచ్చె చేపలకు తిరిగొచ్చినవాళ్లున్నారు. ఆ చేప ఐస్ పెట్టెల్లో లారీలెక్కి బెంగాల్, అస్సాం పోతుంది, అమెరికాతో పని లేదు. లాభం తక్కువ, నిద్ర పడుతుంది. ఒక పంట పూర్తిగా ఆపేద్దామన్న క్రాప్ హాలిడే చర్చ కూడా నడిచింది. 2011లో కోనసీమ వరి రైతులు చేసి చూపించిన దారే అది. రొయ్యల్లో అది కష్టం, కౌలు ముందే కట్టినవాడు చెరువు ఖాళీగా ఉంచితే నష్టం అతనొక్కడిదే.

ప్లాంట్లలో తలలు తీసే, తొక్క తీసే పని చేసేది ఎక్కువగా ఆడవాళ్లు. తెల్లవారుజామునే కంపెనీ బస్సు ఊళ్లోకొస్తుంది. చాలామందికి కూలి పని దినాల మీద, ఒలిచిన కిలోల మీద ఉంటుంది. అమెరికా ఆర్డర్ తగ్గి, తలతోనే పంపే చైనా ఆర్డర్ పెరిగితే ఎగుమతి టన్నులు తగ్గకపోవచ్చు గానీ ఒలిచే పని తగ్గిపోతుంది. మొత్తం ఎగుమతి బాగానే ఉందన్న అంకెలో ఈ నష్టం కనపడదు. రైతు సంఘాలకు, ఎగుమతిదారుల సంఘాలకు కమిటీల్లో కుర్చీ ఉంటుంది. వీళ్లకు అది ఉన్నట్టు నాకు ఎక్కడా కనపడలేదు.

మనమే తింటే సరిపోదా?

హైదరాబాద్, విజయవాడ వీధుల్లో బండ్ల మీద రొయ్య అమ్మకం పెరిగింది. దేశంలో తినేది పెరిగితే అమెరికా మీద ఆధారపడక్కర్లేదన్న వాదనలో బలం ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి ప్యాక్ చేసిన చేప, రొయ్య ఉత్పత్తుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, ఆక్వా పరికరాల మీద కూడా.

ఇందులో చిక్కు ఏమిటంటే మన ఇంటి కొనుగోలుదారుకు కావాల్సింది ఐస్‌లో పెట్టిన తాజా రొయ్య, అరకిలో, కిలో లెక్కన. కంపెనీలు తయారు చేసేది గడ్డకట్టించిన పెట్టెలు, కంటైనర్ లెక్కన. మధ్యలో ఉండాల్సిన చిన్న చిన్న కోల్డ్ రూములు, చల్లటి వ్యాన్లు, ఊరి మార్కెట్లో ఫ్రీజర్ ఉన్న షాపులు తక్కువ. చెరువు గట్టు మీద 280 పలికే రొయ్య నగరంలో ఎంతకు అమ్ముతున్నారో చూస్తే ఆ ఖాళీ ఎంతో తెలుస్తుంది. 30 కౌంట్ రొయ్యకు అమెరికా ఇచ్చిన ధర మన సగటు ఇల్లు ఇవ్వగలదా అన్నది వేరే ప్రశ్న. నా అంచనాలో దేశీ మార్కెట్ 60 నుంచి 100 కౌంట్ వరకు నిలబెట్టగలదు. అంతకంటే పెద్ద రొయ్యకు ఎగుమతే దిక్కు.

ప్రభుత్వం ఎంతవరకు ఆదుకోగలదు

రాష్ట్ర ప్రభుత్వం కమిటీలు వేసింది, ఏప్రిల్‌లో రైతులకు, ఎగుమతిదారులకు మధ్య ధరలు మాట్లాడింది, మేత ధర తగ్గించమని కంపెనీలను ఒత్తిడి చేసింది. కొంత తగ్గింది కూడా. కేంద్రం 2024 జూలై బడ్జెట్‌లోనే తల్లి రొయ్యల మీద, మేత మీద దిగుమతి సుంకాన్ని 5 శాతానికి దించింది. కనీస ధర ప్రకటించడం మాత్రం ఎక్కువసార్లు కాగితం మీదే మిగులుతుంది. ధాన్యం మాదిరి ప్రభుత్వమే కొనే ఏర్పాటు లేనప్పుడు, ఆ ధరకు కొనకపోతే కంపెనీని ఏం చేయగలరు? కొనడం ఆపేస్తే ఇంకా ప్రమాదం.

ఇక ఎగుమతిదారులకు నేరుగా సాయం చేయమన్న డిమాండ్ దగ్గర ఆ మూడో సుంకం అడ్డొస్తుంది. 2024లో అమెరికా లెక్క వేసింది మన ఎగుమతి ప్రోత్సాహకాలను, సుంకం వాపసు పథకాలను సబ్సిడీగా పరిగణించే. ఇప్పుడు కొత్తగా ఎగుమతి మీద నగదు సాయం ఇస్తే, తర్వాతి సమీక్షలో 5.77 పెరగొచ్చు. ఒక చేత్తో ఇచ్చింది అమెరికా ఖజానా ఇంకో చేత్తో తీసుకుంటుంది. అందుకని కాలువలు, డ్రైన్లు బాగుచేయడం, జబ్బు పరీక్షల ల్యాబులు, చిన్న కోల్డ్ రూములు, పంట బీమా లాంటి అందరికీ పనికొచ్చే ఖర్చు మేలని కొందరు నిపుణుల వాదన. అది నిజమే గానీ ఈ పంటకు అప్పు తీర్చాల్సిన రైతుకు డ్రైన్ బాగుచేస్తామన్న మాట అందదు.

అమెరికా వైపు మాటా వినాలి. లూసియానా, టెక్సస్ తీరంలో చిన్న పడవల మీద రొయ్యలు పట్టే కుటుంబాలున్నాయి, వాళ్లలో వియత్నాం నుంచి వలస వెళ్లినవాళ్లూ ఎందరో. అమెరికాలో తినే రొయ్యలో 90 శాతానికి పైగా దిగుమతే. దాంతో తమ రేవులో ధర పడిపోయి, డీజిల్ ఖర్చు కూడా రావడం లేదని ఇరవై ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. లూసియానాలో హోటళ్లు తాము వడ్డించేది దిగుమతి రొయ్య అయితే ఆ మాట మెనూలో రాయాలన్న చట్టం కూడా తెచ్చుకున్నారు. మన రైతుకు శత్రువులా కనిపించే సుంకం వాళ్లకు ఆలస్యంగా దొరికిన ఊరట. కాకపోతే ఇంత పెద్ద లోటును వాళ్ల పడవలు పూడ్చలేవు, కాబట్టి ఎక్కువ ఈక్వడార్, ఇండోనేసియాకే పోతుంది.

ఇక్కడే మన ఊళ్లలోనూ చెరువు పక్కన ఇంకో మనిషి ఉన్నాడు. చెరువు నీరు ఊటగా దిగి చేను చవుడు బారిన వరి రైతు, పంచాయతీ కుళాయి నీళ్లు ఉప్పదేలి క్యాన్ నీళ్లు కొనుక్కునే ఇల్లు. 2016 ప్రాంతంలో భీమవరం దగ్గర తుందుర్రులో ఆక్వా ఫుడ్ పార్కు వ్యర్థాలు గొంతేరు డ్రైన్‌లో కలుస్తాయని ఊళ్లు ఊళ్లే రోడ్డెక్కాయి. రొయ్య ధర బాగున్నప్పుడు ఆ గొంతులు ఎవరికీ వినపడలేదు. ఇప్పుడు చెరువులో వదిలే పిల్ల సాంద్రత తగ్గించమని, చెరువు నీరు శుద్ధి చేసి వదలమని మార్కెట్టే చెబుతోంది. వాళ్లు మొదటి నుంచీ అడిగింది కూడా దాదాపు అదే.

ఇవన్నీ కలిసే చోటు కౌలుదారు పేరు మీద రిజిస్ట్రేషన్ అన్న చిన్న కాగితం. అది ఉంటే బ్యాంకు అప్పు, కరెంటు రాయితీ, ల్యాబ్ సర్టిఫికెట్, యూరప్ కొనుగోలుదారు, నీటి విడుదల మీద బాధ్యత అన్నీ ఒకే మనిషికి ముడిపడతాయి. భూ యజమాని హక్కుకు భంగం లేకుండా కౌలుదారుకు పంట మీద మాత్రం హక్కునిచ్చే కార్డు వ్యవసాయంలో రాష్ట్రం 2019 చట్టంతో తెచ్చింది, దాని అమలు ఎంత నత్తనడక నడిచిందో కౌలు రైతులకు తెలుసు. చెరువుకు అలాంటి కార్డు ఇవ్వాలంటే మత్స్యశాఖ, రెవెన్యూ, విద్యుత్ సంస్థ, ఎంపెడా నలుగురూ ఒకే సర్వే నంబరు మీద ఒకే పేరు రాయడానికి ఒప్పుకోవాలి.